టైమ్‌కోడ్ ఒక్కటే ఉంటే సింక్ అయిపోదు: శ్రీహరికోట టేపుల నుంచి మీ ఫోన్ దాకా

ఐఫోన్ 17 ప్రో స్పెక్స్ లిస్టులో చాలామంది స్క్రోల్ చేసి వదిలేసిన మాట ఒకటుంది. జెన్‌లాక్. 2025 సెప్టెంబర్‌లో ఫోన్ లాంచ్ అయినప్పుడు అందరం జూమ్ గురించీ, ఆరెంజ్ కలర్ గురించీ మాట్లాడుకున్నాం. బయటి గడియారం ఎప్పుడు కొట్టమంటే అప్పుడే ఫ్రేమ్ తీసే పని ఒక ఫోన్ నేర్చుకుందంటే మాత్రం అది చిన్న అప్‌డేట్ కాదు. బయటి టైమ్‌కోడ్ కూడా తీసుకుంటుంది. అక్కడే అందరికీ డౌట్ వస్తుంది: టైమ్‌కోడ్ ఉన్నాక మళ్లీ జెన్‌లాక్ ఎందుకు? రెండూ టైమ్ గురించే కదా?

ఈ డౌట్‌కి జవాబు కొత్త ఫోన్ కంటే పాత టేప్ మెషిన్ బాగా చెప్తుంది. ఈ మధ్య నెల్లూరులో మా బాబాయి దగ్గరున్న టాస్కామ్ డీఏ-88 డెక్ మీద రెండు పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. డిజిటల్ మల్టీట్రాక్ టేప్ రికార్డర్‌ని బయటి టైమ్‌కోడ్‌కి కట్టడం అంటే ఏంటో ఆ పనిలో పూర్తిగా అర్థమైంది. ముందు బేసిక్స్ చూసి, తర్వాత ఆ సెటప్‌లోకి వెళ్దాం.

ముందు మెషిన్ల సంగతి

1990ల మొదట్లో డిజిటల్ మల్టీట్రాక్ అంటే పెద్ద స్టూడియోలకే అందే వస్తువు. 1991లో అలెసిస్ కంపెనీ అడాట్ అనే మెషిన్‌ని ప్రకటించింది, 1992లో మార్కెట్‌లోకి వచ్చింది. ధర 3,995 డాలర్లు. ఇంట్లో సినిమాలు చూసే వీహెచ్‌ఎస్ క్యాసెట్ లాంటిదే, కాస్త మంచి రకం ఎస్-వీహెచ్‌ఎస్ క్యాసెట్ మీద 8 ట్రాకుల 16 బిట్ ఆడియో రాసేది. రెండు గంటల క్యాసెట్ పెడితే 40 నిమిషాలు వచ్చేది, ఎందుకంటే టేపు మూడు రెట్ల స్పీడ్‌తో తిరిగేది.

1993లో టాస్కామ్ డీఏ-88 వచ్చింది. ఇది హ్యాండీక్యామ్‌లో వాడే హై8 క్యాసెట్ మీద అదే 8 ట్రాకులు రాసేది. 120 నిమిషాల క్యాసెట్‌లో 108 నిమిషాలు పట్టేది. సినిమా, టీవీ సౌండ్ వాళ్లు దీన్ని బాగా ఇష్టపడ్డారు.

8 ట్రాకులు చాలకపోతే? ఇంకో మెషిన్ కొని కేబుల్‌తో కలపడమే. రెండు కంపెనీల మెషిన్లూ 16 దాకా కలిసేవి, అంటే 128 ట్రాకులు. ఒకే రకం మెషిన్లు తమలో తాము శాంపిల్ లెవెల్‌లో కలిసి నడిచేవి. ఇక్కడిదాకా తలనొప్పి లేదు. వీటిని బయటి ప్రపంచంతో, అంటే వీడియో ప్లేయర్‌తోనో కంప్యూటర్‌తోనో కలపాలన్నప్పుడే అసలు ఆట మొదలు. అడాట్‌కి బీఆర్‌సీ అనే పెద్ద రిమోట్ లాంటిది, డీఏ-88కి ఎస్‌వై-88 అనే కార్డు లాంటిది ఉంటే తప్ప ఎస్‌ఎమ్‌పీటీఈ టైమ్‌కోడ్ భాష వాటికి అర్థమయ్యేది కాదు.

టైమ్‌కోడ్ అంటే డోర్ నంబర్

ఎస్‌ఎమ్‌పీటీఈ టైమ్‌కోడ్ చూడ్డానికి సింపుల్. గంట, నిమిషం, సెకను, ఫ్రేము. మన దేశంలో టీవీ 25 ఫ్రేములు కాబట్టి చివరి అంకె 00 నుంచి 24 దాకా వెళ్లి మళ్లీ మొదలవుతుంది. దీన్ని ఆడియో కేబుల్ మీద పంపితే ఎల్‌టీసీ అంటారు. ఒక్కో ఫ్రేముకి 80 బిట్లు, అంటే సెకనుకి 2,000 బిట్లు. సున్నా అయితే 1,000 హెర్ట్జ్ దగ్గర, ఒకటి అయితే 2,000 హెర్ట్జ్ దగ్గర కూస్తుంది. పొరపాటున స్పీకర్‌లోకి వెళ్లిందంటే పాత డయలప్ మోడెమ్ చెవిలో అరిచినట్టు ఉంటుంది. ప్రతి ఫ్రేము చివర 16 బిట్ల గుర్తు ఒకటి ఉంటుంది. టేపు ముందుకి పోతోందా, వెనక్కి పోతోందా అన్నది కూడా దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. 25 ఫ్రేముల్లో ఒక ఫ్రేము అంటే 40 మిల్లీసెకన్లు. 48 కిలోహెర్ట్జ్ ఆడియోలో అది 1,920 శాంపిళ్లు. టైమ్‌కోడ్ మనకి డోర్ నంబర్ చెప్తోంది సరే, కానీ ఆ ఇంట్లో 1,920 గదులున్నాయి. ఏ గదో చెప్పట్లేదు. బిట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్లినా ఒక్కో బిట్‌కి 24 శాంపిళ్లు. ఈ నంబర్లు గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తాయి.

ఈ ఐడియా రాకెట్ల దగ్గర ఎందుకు ప్రాణం

వీడియో ఎడిటింగ్ కోసం టైమ్‌కోడ్ 1967లో మొదలైంది. రాకెట్ రేంజ్‌లలో టేపుల మీద టైమ్ రాయడం అంతకంటే పాతది. ఐఆర్‌ఐజీ అనే పేరుతో ఆ కోడ్‌లకి 1960లోనే స్టాండర్డ్ వచ్చేసింది. అందులో బాగా వాడే ఐఆర్‌ఐజీ-బీ సెకనుకి 100 పల్స్‌లు పంపుతుంది. పల్స్ 2 మిల్లీసెకన్లు ఉంటే సున్నా, 5 ఉంటే ఒకటి, 8 ఉంటే హద్దు గుర్తు. ఒక్క సెకనులో ఇది సంవత్సరంలో ఎన్నో రోజు, ఎన్ని గంటలు, నిమిషాలు, సెకన్లు అన్నీ చెప్పేస్తుంది. రాకెట్ నుంచి వచ్చే టెలిమెట్రీని మల్టీట్రాక్ టేపుల మీద రాస్తూ, ఒక ట్రాక్‌ని ఈ టైమ్‌కి వదిలేవాళ్లు. తర్వాత డిజిటల్ కాలంలో మెట్రమ్ వీఎల్‌డీఎస్ అనే టెలిమెట్రీ రికార్డర్ కూడా అడాట్ లాగే ఎస్-వీహెచ్‌ఎస్ క్యాసెట్టే వాడింది. పాటల స్టూడియోకీ, రాకెట్ రేంజ్‌కీ ఒకే క్యాసెట్ అన్నమాట.

నెల్లూరు తీరంలో దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. శ్రీహరికోట అప్పట్లో నెల్లూరు జిల్లాలోది, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి నుంచి 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి ఎగిరింది. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో కంట్రోల్ పోయింది, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. 317 సెకన్ల ప్రయాణం, అంతే. కారణం తర్వాత తేలింది: రెండో దశ కంట్రోల్ సిస్టమ్‌లో ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోక నైట్రిక్ యాసిడ్ కారిపోయింది.

ఇప్పుడు ఆ ఇంజనీర్ల కుర్చీలో కూర్చుని ఆలోచించండి. రాకెట్ సముద్రంలో ఉంది. చేతిలో మిగిలింది రికార్డింగులే. ప్రెషర్ ఒక ట్రాక్‌లో, రాకెట్ వంపు ఇంకో ట్రాక్‌లో, రాడార్ డేటా ఇంకో స్టేషన్‌లో. ముందు ప్రెషర్ పడిపోయి ఆ తర్వాత రాకెట్ ఊగిందా, లేక ముందు ఊగి ఆ తర్వాత ప్రెషర్ పడిందా? ఈ రికార్డింగుల టైమ్ ఒకదానితో ఒకటి కలవకపోతే ఏది కారణమో, ఏది ఫలితమో ఎవరూ చెప్పలేరు. 1980 జూలై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఫెయిల్యూర్‌ని చదవగలిగారు కాబట్టే అది సాధ్యమైంది. సింక్ అంటే వీడియోలో పెదాలు, మాట కలవడం ఒక్కటే కాదని చెప్పడానికే ఇదంతా.

క్లాక్ అంటే నడక

ఇద్దరు ఫ్రెండ్స్ నెల్లూరు బస్టాండ్‌లో ఒకే నిమిషానికి బైకులు స్టార్ట్ చేసి చెన్నై బయల్దేరారు అనుకుందాం. ఒకడు 60లో, ఇంకొకడు 61లో. గూడూరులో దాదాపు పక్కపక్కనే ఉంటారు. సూళ్లూరుపేట దాటేసరికి ఒకడు ఇంకొకడికి కనపడడు. స్టార్టింగ్ టైమ్ కలపడం టైమ్‌కోడ్ పని. స్పీడ్ కలపడం వర్డ్ క్లాక్ పని.

ప్రతి డిజిటల్ మెషిన్‌లో ఒక క్రిస్టల్ ఉంటుంది, సెకనుకి 48,000 శాంపిళ్లు అని లెక్కపెట్టేది అదే. ఏ రెండు క్రిస్టళ్లూ కచ్చితంగా ఒకేలా కొట్టవు. పది లక్షలకి 20 తేడా ఉందనుకుంటే గంటకి 72 మిల్లీసెకన్లు, దాదాపు రెండు ఫ్రేములు. మొదట్లో పక్కాగా కలిసిన పాట చివరికి తేలిపోతుంది.

మరి టేప్ మెషిన్‌ని మొత్తం సేపూ టైమ్‌కోడ్ వెంట పరిగెత్తిస్తే? పాత అనలాగ్ మెషిన్లు చేసింది అదే. వెనకబడితే మోటర్ కాస్త స్పీడ్, ముందుకెళ్తే కాస్త స్లో. డిజిటల్ టేపులో స్పీడ్ మారిందంటే శాంపిల్ రేట్ మారినట్టే. పిచ్ కొంచెం కొంచెం ఊగుతుంది, దాన్ని డిజిటల్‌గా అందుకుంటున్న అవతలి మెషిన్ కూడా తడబడుతుంది. అందుకని మంచి పద్ధతి ఇది: టైమ్‌కోడ్ చూసి చోటు పట్టుకో, లాక్ అయ్యాక కోడ్‌ని వదిలేసి వర్డ్ క్లాక్ మీద నడువు.

కోడ్ మధ్యలో పోతే ఏం చేయాలన్నది కూడా ముందే డిసైడ్ చేయాలి. దీన్ని మీరు థియేటర్‌లో విన్నారు, మీకు తెలియకుండానే. డీటీఎస్ సినిమాల్లో సౌండ్ ఫిల్మ్ మీద ఉండేది కాదు, విడిగా సీడీ-రామ్ డిస్కుల్లో ఉండేది. ఫిల్మ్ మీద బొమ్మకీ ఆప్టికల్ సౌండ్‌ట్రాక్‌కీ మధ్య చిన్న చుక్కల్లాగా టైమ్‌కోడ్ ప్రింట్ చేసేవాళ్లు, 1993లో జురాసిక్ పార్క్‌తో ఇది మొదలైంది. రీలు తెగి ఆపరేటర్ అతికించినప్పుడు కొన్ని ఫ్రేములు పోతాయి కదా, కోడ్ అక్కడ దూకుతుంది. ప్లేయర్ కొత్త నంబర్ చూసి ఆ చోటికి వెళ్తుంది. కోడ్ అసలే దొరక్కపోతే ఫిల్మ్ మీదున్న మామూలు ఆప్టికల్ సౌండ్‌కి మారిపోతుంది. చిన్న గ్యాప్ వస్తే ఏమీ కానట్టు నడవడం, పెద్ద గ్యాప్ వస్తే ప్లాన్ బీ. టేప్ మెషిన్లలోనూ ఇదే రూల్.

నెల్లూరులో రెండు క్యాసెట్లు

ఇక మా పని. 1990ల చివర్లో మైపాడు వైపు ఒక పల్లెకి చెందిన భజన బృందం పాటలని బాబాయి 16 ట్రాకుల్లో రికార్డ్ చేశాడు. రెండు డీఏ-88లు, రెండు హై8 క్యాసెట్లు. మొదటి దాంట్లో హార్మోనియం, డోలక్, తాళాలు, ప్రధాన గాయకుడు. రెండో దాంట్లో కోరస్ అంతా. ఆ బృందంలో పెద్దవాళ్లు ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ల గొంతులు విడివిడి ట్రాకుల్లో మిగిలింది ఈ రెండు క్యాసెట్లలోనే.

సమస్య ఏంటంటే ఇప్పుడు పనిచేసే డెక్ ఒక్కటే. అంటే రెండు క్యాసెట్లని వేర్వేరుగా ప్లే చేసి, రెండు పాస్‌లనీ కంప్యూటర్‌లో శాంపిల్‌కి శాంపిల్ కలపాలి. పైగా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో టేపుకి తేమే పెద్ద శత్రువు. ఫంగస్ పట్టిన క్యాసెట్ లోపల పెడితే టేపూ పోతుంది, హెడ్డూ పోతుంది. మావి చూడ్డానికి శుభ్రంగానే ఉన్నాయి. అయినా సిలికా జెల్‌తో డబ్బాలో వారం ఉంచి, ఆ తర్వాతే బయటికి తీశాం. బాబాయి ఒకటే మాట చెప్పాడు: "ఒరేయ్ అబ్బయా, రెండోసారి తిరుగుద్దో లేదో తెలీదు. మొదటిసారే సరిగ్గా పట్టుకో."

సెటప్ ఇలా:

వర్డ్ క్లాక్: ఆడియో ఇంటర్‌ఫేస్ వర్డ్ క్లాక్ అవుట్ నుంచి బీఎన్‌సీ కేబుల్‌తో డీఏ-88 వర్డ్ ఇన్‌కి. డెక్‌లో క్లాక్ సోర్స్‌ని ఇంటర్నల్ నుంచి వర్డ్‌కి మార్చాలి. కేబుల్ పెట్టి సెట్టింగ్ మార్చకపోతే కేబుల్ అలంకారానికే.

టైమ్‌కోడ్: కంప్యూటర్ నుంచి ఎల్‌టీసీ ఒక అవుట్‌పుట్‌లో ఎస్‌వై-88 కార్డుకి. కంప్రెసర్, ఈక్యూ ఏవీ దారిలో ఉండకూడదు. లెవెల్ మధ్యస్థంగా చాలు.

ఫ్రేమ్ రేట్: రెండు వైపులా 25. ఇది కలవకపోతే ఇంకేదీ కలవదు. ఒకవైపు 30, ఇంకోవైపు 29.97 పెట్టినా గంటకి 3.6 సెకన్ల తేడా వస్తుంది.

ఆఫ్‌సెట్: హై8 టేపు ఫార్మాట్ అయినప్పుడే దాని మీద ఏబీఎస్ టైమ్ పడి ఉంటుంది. ఆ టైమ్‌ని కంప్యూటర్‌లోని 01:00:00:00కి కట్టాను. సున్నా గంటకి కట్టకండి. డెక్ లాక్ అవ్వడానికి ముందు పది సెకన్ల పరుగు కావాలి, సున్నా ముందు పది సెకన్లంటే కోడ్‌లో అది 23 గంటలు అవుతుంది. మెషిన్ టేపుని చివరి దాకా వెతుక్కుంటూ పోతుంది.

ఆడియో: 8 అనలాగ్ అవుట్‌పుట్‌లు నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి.

అసలు క్యాసెట్ పెట్టకముందు పనికిరాని వేరే క్యాసెట్‌తో టెస్ట్ చేశాను. ఇదొక్కటి ఎవరూ స్కిప్ చేయకూడదు. అదే క్యాసెట్‌ని రెండుసార్లు ఎక్కించి, రెండు పాస్‌ల మధ్య తేడాని మొదట్లో ఒకసారి, 40 నిమిషాల దగ్గర ఒకసారి కొలవాలి. వర్డ్ క్లాక్ ఆన్‌లో ఉన్నప్పుడు మొదట్లో 31 శాంపిళ్ల తేడా, చివర్లోనూ అదే 31. అంటే నడక పర్ఫెక్ట్, చోటు మాత్రం కొంచెం పక్కన. అది 31 శాంపిళ్లు జరిపితే పోతుంది. అదే డెక్‌ని ఇంటర్నల్ క్లాక్‌లో పెట్టి టైమ్‌కోడ్ వెంట పరిగెత్తిస్తే తేడా ఒకచోట ముందుకీ, ఇంకోచోట వెనక్కీ ఊగింది. దాన్ని ఎంత జరిపినా లాభం లేదు, ఎందుకంటే జరపాల్సింది ఒక్క నంబర్ కాదు.

ఒక్క మిల్లీసెకను ఊగితే ఏమవుతుందిలే అనుకోకండి. లిప్‌సింక్‌కి ఒక ఫ్రేము తేడా చాలామంది పట్టలేరు. డోలక్ చప్పుడు మాత్రం డోలక్ మైక్‌లోనూ, కోరస్ మైకుల్లోనూ పడింది. రెండిటినీ కలిపినప్పుడు 1 మిల్లీసెకను తేడా ఉంటే 500 హెర్ట్జ్, 1,500 హెర్ట్జ్ దగ్గర సౌండ్ కొట్టేసుకుంటుంది. తేడా ఊగుతుంటే ఆ గుంటలు కూడా పాట మధ్యలో అటూ ఇటూ నడుస్తాయి. డోలక్ డబ్బాలో పెట్టి మోగించినట్టు వినిపిస్తుంది.

ఇంకో ట్రాప్. ఆ 31 శాంపిళ్ల లాంటి తేడాని సరిచేయాలంటే రెండు క్యాసెట్లలోనూ ఉన్న ఒకే సౌండ్ కావాలి. డోలక్ దెబ్బనే వాడి, డోలక్ మైక్‌లోని దెబ్బా కోరస్ మైక్‌లోని దెబ్బా కలిపేద్దాం అనిపిస్తుంది. అలా చేయకూడదు. కోరస్ వాళ్లు 3 మీటర్ల దూరంలో నిలబడితే శబ్దం అక్కడికి చేరడానికే 9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం సింక్ తప్పు కాదు, ఆ గది సైజు. దాన్ని చెరిపేస్తే కోరస్ వాళ్ల గొంతులు తొమ్మిది మిల్లీసెకన్లు ముందుకొచ్చేస్తాయి. మా అదృష్టం, బాబాయి అప్పట్లోనే ప్రతి పాట ముందు కేబుల్‌లో నేరుగా ఒక క్లిక్‌ని రెండు మెషిన్లకీ పంపాడు. ఆ క్లిక్ మీద కలిపాం, పదహారు ట్రాకులూ కూర్చున్నాయి. క్యాసెట్లు రెండూ ఒక్కో పాస్‌లోనే అయిపోయాయి. మళ్లీ తిప్పాల్సిన పని పడలేదు.

శ్రీహరికోట లాంచ్ వీడియో తీసేవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. 15 కిలోమీటర్ల దూరంలో నిలబడితే మంట కనిపించిన సుమారు 43, 44 సెకన్ల తర్వాత గర్జన వినిపిస్తుంది. దాన్ని మంట దగ్గరికి లాక్కొచ్చి పెట్టడం మీ ఎడిటింగ్ ఇష్టం. మైక్ ఎప్పుడు విన్నదో టైమ్‌కోడ్ అదే చెప్తుంది, అక్కడ ఎప్పుడు జరిగిందో చెప్పదు.

మీ ఫోన్‌తో ఏం చేయొచ్చు

టేపు పోయినా లాజిక్ పోలేదు. టెంటకిల్ సింక్, డీటీ టీసీ-1 లాంటి చిన్న బాక్సులు, రోడ్ వైర్‌లెస్ ప్రో, డీజేఐ మైక్ 3 లాంటి మైకులు ఇప్పుడు టైమ్‌కోడ్ ఇస్తున్నాయి. ఐఫోన్‌లో బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ టెంటకిల్ నుంచి బ్లూటూత్‌తో టైమ్‌కోడ్ తీసుకుంటుంది. టెంటకిల్ తన క్లాక్ 24 గంటల్లో ఒక ఫ్రేము కూడా తప్పదని చెప్పుకుంటుంది. అది బాక్స్ సంగతి. ఫోన్ మాత్రం క్లిప్ మొదట్లో డోర్ నంబర్ రాసుకుని, ఆ తర్వాత తన సొంత క్రిస్టల్ మీదే నడుస్తుంది.

అందుకే జెన్‌లాక్ లేని ఫోన్‌తో తీసేటప్పుడు మూడు పనులు చేయండి. ఒకటి, గంట సేపు ఒకే క్లిప్ తీయకుండా పది, పదిహేను నిమిషాలకోసారి కట్ చేయండి, ప్రతిసారీ నంబర్ కొత్తగా పడుతుంది. రెండు, మామూలు కెమెరా యాప్‌లు ఫ్రేమ్ రేట్‌ని అటూ ఇటూ మార్చేస్తాయి, ఫిక్స్‌డ్ 25 ఇచ్చే యాప్ వాడండి. మూడు, షూట్ ముందు మేం చేసిన టెస్టే చేయండి: ఫోన్, రికార్డర్ రెండూ ఆన్ చేసి మొదట్లో ఒక చప్పట్లు, అరగంట తర్వాత ఒక చప్పట్లు. రెండు చోట్లా తేడా ఒకటే ఉంటే ఓకే. పెరిగితే మీ గేర్ ఎంత స్పీడ్‌లో పారిపోతోందో మీకు నంబర్‌తో సహా తెలిసిపోతుంది.

ఐఫోన్ 17 ప్రోలో జెన్‌లాక్ వాడాలంటే బ్లాక్‌మ్యాజిక్ ప్రోడాక్ లాంటి యాక్సెసరీ కూడా కావాలి కాబట్టి పెళ్లి వీడియో, కాలేజ్ ఫెస్ట్ తీసేవాళ్లు దానికోసమే ఫోన్ మార్చక్కర్లేదు. నాలుగు ఫోన్లు, విడిగా మల్టీట్రాక్ ఆడియో పెట్టి గంటల తరబడి కచేరీ తీసేవాళ్లకైతే అది నిజంగా పనికొచ్చే ఫీచర్. ఇక మీ ఊళ్లో ఎవరింట్లోనైనా హై8, ఎస్-వీహెచ్‌ఎస్ క్యాసెట్లు "ఆడియో 8 ట్రాక్" అని రాసి కనిపిస్తే వీడియో ప్లేయర్‌లో పెట్టకండి, పారేయనివ్వకండి. ఆడే డెక్‌లు ఏటా తగ్గిపోతున్నాయి, తేమ మాత్రం తగ్గదు. డెక్ దొరికిన రోజున ముందు క్లాక్ కలపండి, ఆ తర్వాత కోడ్ కలపండి, అప్పుడు ప్లే నొక్కండి.